చార్జింగ్ రావట్లేదా? ముందు మీటర్ పట్టండి

మన హ్యాంగర్‌లో ఎలక్ట్రికల్ ప్రాక్టికల్స్ చేసినవాళ్లందరికీ మాస్టారి మాట గుర్తుండే ఉంటుంది: "ఆల్టర్నేటర్ మీద చెయ్యి వేసే ముందు మీటర్ పట్టు." విమానంలో బ్యాటరీకి చార్జింగ్ లేదనగానే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) విప్పేసే అలవాటు ఇప్పటికీ పోలేదు. కొత్తది బిగించాక అదే స్నాగ్ (లోపం) మళ్లీ లాగ్‌బుక్‌కెక్కుతుంది. అందుకే ఆయన బోర్డు మీద గీసి చూపిన వరసని, సెస్నా 172 చిన్న విమానాల మీద పనిచేస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మొదట బ్యాటరీ. ఆల్టర్నేటర్ తనంతట తాను మొదలవదు, ఫీల్డ్‌కి (లోపల అయస్కాంతంగా మారే తీగచుట్టకి) తొలి కరెంటు బ్యాటరీయే ఇవ్వాలి. లోడు లేనప్పుడు 12 వోల్టులది 12.6 దాకా, 24 వోల్టులది 25.2 దాకా చూపాలి. ఇంజిన్ నడుస్తుంటే బస్ (అన్ని పరికరాలకీ కరెంటు పంచే పట్టీ) మీద 12 వోల్టుల బ్యాటరీ ఉన్న పాత మోడళ్లలో సుమారు 14, 24 వోల్టులది ఉన్నవాటిలో సుమారు 28 రావాలి. కరెంటు చూపే అమ్మీటర్ విషయంలో జాగ్రత్త. సెస్నా 172లో ముల్లు మధ్యలో సున్నా దగ్గర నిలిస్తే బ్యాటరీ నిండిందని అర్థం. చాలా పైపర్ విమానాల్లో ఉండేది లోడ్‌మీటర్ (ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటు చూపేది), అక్కడ సున్నా అంటే ఆల్టర్నేటర్ ఏమీ ఇవ్వట్లేదని.

తర్వాత స్క్రూడ్రైవర్ పరీక్ష. ఇంజిన్ ఆపి, మిక్స్చర్ కటాఫ్ చేసి (ఇంధనం ఆపి), మాగ్నెటోలు (స్పార్క్ ఇచ్చేవి) ఆఫ్ చేసి, తాళంచెవి జేబులో వేసుకోండి. ప్రొపెల్లర్ తిరిగే దారిలోకి మాత్రం వెళ్లొద్దు. మాస్టర్ స్విచ్ రెండు సగాలూ (బ్యాటరీది, ఆల్టర్నేటర్‌ది) ఆన్ చేసి, ఆల్టర్నేటర్ వెనక బేరింగ్ దగ్గర స్క్రూడ్రైవర్ మొన ఆనించండి. అయస్కాంతంలా పట్టి లాగితే ఫీల్డ్ పనిచేస్తున్నట్టే; అప్పుడు అవుట్‌పుట్ కేబుల్, దాని బ్రేకర్, స్టేటర్ (కరెంటు పుట్టే కదలని చుట్టలు), డయోడ్లు (ఆ కరెంటుని డీసీగా మార్చేవి) చూడాలి. లాగకపోతే ఫీల్డ్ టెర్మినల్ దగ్గర వోల్టేజీ కొలవండి. అక్కడ బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా ఉంటే బ్రష్‌లో స్లిప్ రింగులో (తిరిగే ఫీల్డ్‌కి కరెంటు అందించేవి) పోయాయి. లేకపోతే లోపం ఫీల్డ్‌కి కరెంటు వచ్చే దారిలో ఇంకా వెనకనే ఉంది: ఫీల్డ్ బ్రేకర్, మాస్టర్ స్విచ్‌లో ఆల్టర్నేటర్ సగం, ఓవర్‌వోల్టేజీ రిలే (వోల్టేజీ మితిమీరితే ఫీల్డ్‌ని కోసేది), రెగ్యులేటర్ (బస్ వోల్టేజీ చూసి ఫీల్డ్ కరెంటుని సరిచేసేది).

ఎక్కువమందిని తిప్పలుపెట్టేది అమ్మీటర్ ముల్లు ఊగడం. రెగ్యులేటర్ మార్చినా తగ్గదు. చాలా విమానాల్లో ఫీల్డ్‌కి కరెంటు వచ్చేదీ, రెగ్యులేటర్ బస్ వోల్టేజీని చూసేదీ ఒకే తీగ మీదుగా. ఏళ్ల తరబడి నొక్కిన మాస్టర్ స్విచ్ కాంటాక్టులు నల్లబడి నిరోధం పెరిగితే, ఫీల్డ్ కరెంటు పారినప్పుడల్లా అక్కడ కొంత వోల్టేజీ పడిపోతుంది. బస్ బాగానే ఉన్నా రెగ్యులేటర్‌కి తక్కువగా కనిపించి ఫీల్డ్ పెంచుతుంది. బస్ పైకెక్కగానే కోసేస్తుంది. కోయగానే కరెంటు తగ్గి, పడిపోయిన వోల్టేజీ తిరిగొస్తుంది. ఈ పెంచడం, కోయడమే ముల్లు ఊగులాట. ఒక్కోసారి బస్ అంత పైకెక్కి ఓవర్‌వోల్టేజీ రిలే కూడా ట్రిప్ అవుతుంది.

దీన్ని పట్టడానికి మీటర్ ఎర్ర ప్రోబ్ బస్‌బార్ మీద, నల్లది రెగ్యులేటర్ ఇన్‌పుట్ మీద పెట్టి, ఫీల్డ్ ఆన్‌లో ఉండగా చూడండి. 0.2 వోల్టులు దాటితే బ్రేకర్, స్విచ్, కనెక్టర్లు ఒక్కొక్కదాని మీదా కొలుస్తూ పోవాలి. ఓమ్‌మీటర్‌తో చూస్తే ఈ లోపం దొరకదు, కరెంటు పారుతున్నప్పుడే బయటపడుతుంది. రెగ్యులేటర్ ఎర్త్ కూడా ఇలాగే కొలవాలి. ఎర్త్ చెడితే బస్ వోల్టేజీ ఉండాల్సిన దానికంటే పెరుగుతుంది.

హెడ్‌ఫోన్‌లో ఇంజిన్ వేగంతోపాటు మారే కూత వినిపిస్తే డయోడ్‌ని అనుమానించండి. ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టు టెన్షన్ వేలితో నొక్కి చూడటం నాకు నచ్చదు. పుల్లీ నట్ మీద టార్క్ రెంచ్ పెట్టి, మాన్యువల్ చెప్పిన అంకె దగ్గర పుల్లీ బెల్టులో జారుతుందో లేదో చూడాలి. లైకమింగ్ ఇంజిన్ మీద ఆ బెల్టు మార్చాలంటే ప్రొపెల్లర్ దించాల్సిందే.

రిపేరయ్యాక రనప్‌లో (నేలమీదే ఇంజిన్ నడిపి చూసేటప్పుడు) ల్యాండింగ్ లైటు, పిటో హీట్ (గాలివేగం కొలిచే గొట్టానికి హీటర్) వేసి బస్ వోల్టేజీ చూడండి. ఆ అంకెనీ, ముందూ తర్వాతా కొలిచిన వోల్టేజీ డ్రాప్‌నీ వర్క్‌షీట్‌లో రాయండి. తర్వాత అదే విమానం మీద పనిచేసేవాళ్లకి వెతుకులాట సగం తగ్గుతుంది.