గవ్వ వీపు మీద ఉంగరం: నా జువాలజీ ప్రాక్టికల్స్ అనుభవం

నిన్ననే కర్నూల్లో డిగ్రీ ప్రాక్టికల్స్ అయిపోయినాయి. కడుపు ఇంకా మండుతానే ఉంది, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

ఫీజు, హాల్‌టికెట్, రికార్డు మీద సంతకాలు అన్నీ సాఫీగానే జరిగినాయి. స్పాటర్లలో, అంటే చూసి పేరు చెప్పాల్సిన నమూనాల్లో, మొదటిది నత్త. కె.సి. కెనాల్ పక్కన పెరిగినదాన్ని నేను, నత్తని కళ్లు మూసుకుని చెప్తా. దెబ్బ పడింది అయిదో నంబరు దగ్గర.

గాజుసీసాలో గవ్వ. దాని పేరు కనపడకుండా తెల్లకాగితం అంటించి 5 అని రాసినారు. మా అవ్వతో బారాకట్ట ఆడిన గవ్వల్లో రెండు రకాలుండేవి. ఒకటి పసుప్పచ్చగా, అంచుల్లో బుడిపెలతో ఉంటుంది, అది మొనెటా. ఇంకోటి నున్నగా, వీపు మీద బంగారు రంగు గీత గుండ్రంగా చుట్టుకుని ఉంటుంది. సీసాలో ఉన్నది ఈ రెండోదే. మొనెటేరియా ఆన్యులస్, కుటుంబం సైప్రెయిడే, ఆర్డరు లిట్టోరినిమోర్ఫా అని రాసి, చివర బ్రాకెట్లో లిన్నేయస్, 1758 అని పెట్టినా. మా బ్యాచ్‌లో అంత రాసింది నేనొక్కదాన్నే, కావాలంటే అడగండి.

వైవాలో బయటి నుంచి వచ్చిన సార్ నా పేపరు పైకెత్తి అందరికీ చూపించినాడు.

"ప్రోసోబ్రాంకియా యాడ పోయిందమ్మా? మీసోగ్యాస్ట్రోపోడా యాడ పోయింది?"

"అవి పాత గుంపుల పేర్లు సార్, 2005లో బూషే, రొక్రువా అనే శాస్త్రవేత్తలు ఇచ్చిన వర్గీకరణలో తీసేసినారు."

"ఈ బ్రాకెట్ ఏంది? డౌటా?"

అందరూ నవ్వినారు. లిన్నేయస్ దీన్ని సైప్రియా ప్రజాతిలో పెట్టినాడు, తర్వాత మొనెటేరియాకి మార్చినారు, ప్రజాతి మారితే మొదట పేరు పెట్టినాయన బ్రాకెట్లోకి పోతాడు అని చెప్పబోయినా. ఆయన వినలేదు. గోటితో తెల్లకాగితం గీకి, సీసా నా ముక్కు దగ్గర పెట్టినాడు.

"చదువు. గట్టిగా."

"సైప్రియా మొనెటా."

"ఇంకోసారి."

ఇంకోసారి చదివినా. గొంతు వణికింది. "సార్, ఉంగరం ఉంది చూడండి, లాటిన్‌లో ఆన్యులస్ అంటే ఉంగరమే" అన్నా. "సీసా మీద రాసింది తప్పు, నువ్వు రైటా?" అన్నాడు. మా సార్ పక్కనే నిలబడి ఫ్యాన్ చూస్తున్నాడు. మూడేళ్లు ఆయన రికార్డులన్నీ నేనే సర్దిపెట్టినా, గుర్తుంచుకోండి.

జూనియర్లకు చెప్పేదొకటే, వచ్చే సార్ వయసెంతో ముందే కనుక్కోండి. తల నెరిసిందంటే మారుమాట్లాడకుండా ప్రోసోబ్రాంకియా అని రాసి బయటపడండి. మా సార్‌ని మాత్రం నమ్ముకోవద్దు.

అందరూ పోయినాక ల్యాబు అటెండరన్న సీసాలు తుడుస్తూ పిలిచినాడు. "ఆ గవ్వ నేను రామేశ్వరం పోయినప్పుడు కొనుక్కొచ్చినదే పాపా. పాతది పగిలిపోతే దాని సీసాలో దీన్ని ఏసినా. చీటీ మాత్రం పాతదే."