రెండు సూదులు, ఒకటే దారం

గల్ఫ్‌లో మనవాళ్ళు ఏం పనులు చేస్తారో కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంటిపని, వంట, డ్రైవింగ్, కట్టుబడి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఏ వీధిలో అడిగినా కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్న మనిషి ఒకరైనా తేలతారు. గుర్రాల సాలల్లో కూడా మనవాళ్ళున్నారనీ, అక్కడ తోలు కుట్టే పని ఒకటి ఉంటుందనీ మాత్రం చాలామందికి తెలీదు. నేను ఎమిరేట్స్‌లో నేర్చుకున్నది ఆ పనే.

ఏజెంటు నాకు చెప్పింది తోటపని. తీరా దిగాక చూస్తే గుర్రాల సాల. లద్దె ఎత్తడం, మేత వేయడం, గుర్రాల్ని కడగడం. ఆ మోసం సంగతి ఇప్పుడు తవ్వను.

అక్కడ చలికాలం వచ్చిందంటే ఎండ్యూరెన్స్ పందేలు మొదలవుతాయి. ఇసుకలో 100, 120, ఒక్కోసారి 160 కిలోమీటర్లు ఒకే రోజులో. దూరాన్ని భాగాలు చేస్తారు. ఒక్కో భాగం అయ్యాక పశువైద్యులు గుండె వేగం చూస్తారు, కుంటుతోందేమో నడిపించి చూస్తారు, బాగుంటేనే మళ్ళీ వదులుతారు. గుర్రం విపరీతంగా చెమట కక్కుతుంది. ఆ ఉప్పు తోలులోకి దిగి, ఎండి, దారాన్ని లోలోపలే తినేస్తుంది. పైకి అంతా బాగానే కనిపిస్తుంది. పరుగులో ఉండగా పగ్గం కుట్టు విడిపోయినా, కాలు పెట్టుకునే రికాబు వేలాడే పట్టీ తెగినా రౌతు ప్రాణం గాల్లో ఉన్నట్టే. అందుకని పెద్ద సాలల్లో జీన్లు, కళ్ళేలు బాగుచేయడానికి ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టుకుంటారు.

మా సాలలో ఆ మనిషి కాన్పూర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన. అందరూ ఉస్తాద్ అనేవారు. బ్రిటిష్ వాళ్ళు సైన్యం కోసం కాన్పూర్‌లో జీన్ల ఫ్యాక్టరీ పెట్టారు కదా, అప్పటినుంచీ ఆ ఊళ్ళో ఈ పని తరాలుగా నడుస్తోంది. కాన్పూర్ జీన్లకి జీఐ ట్యాగ్ కూడా ఉంది, అంటే ఆ ఊరి సరుకుగా అధికారిక గుర్తింపు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలు. ఆ వేళప్పుడు మిగతావాళ్ళు నిద్రపోయేవారు. నేను వెళ్ళి ఉస్తాద్ గదిలో కూర్చునేవాణ్ణి.

ఆ గది వాసన నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. మాది మాదిగ కుటుంబం. మా తాత ఆరె (తోలుకి కన్నం చేసే పనిముట్టు), రంపె (తోలు కోసే కత్తి) పట్టిన మనిషి. చెప్పులు కుట్టేవాడు, సంక్రాంతికి ఎడ్ల మెడకి మువ్వల పట్టెడలు చేసేవాడు. నాన్న మాత్రం ఆ సామాను నా చేతికి తగలనివ్వలేదు. "ఆరె నీ చేతిలో కనబడిందంటే ఊరుకోను. పుస్తకం పట్టుకో" అనేవాడు. తోలు కుట్టేవాణ్ణి ఊరు ఎంత దూరంలో నిలబెట్టిందో ఆయన చూశాడు. కొడుక్కి అది వద్దనుకున్నాడు. ఆయన్ని నేను ఎన్నడూ తప్పుపట్టలేదు.

ఉస్తాద్ నేర్పింది శాడిల్ స్టిచ్. ఒకే దారం, రెండు కొసలకీ రెండు సూదులు, రెండూ ఒకే కన్నంలోంచి ఎదురెదురుగా దాటాలి. చెప్పడానికి ఇంతే. చేతికి అలవాటవ్వడానికే ఏళ్ళు పడుతుంది.

ముందు దారం తయారుచేసుకోవాలి. కుట్టాల్సిన పొడవుకి నాలుగింతలు కొలిచి, పైన ఒక మూర వదులుకోవాలి. తోలు మందంగా ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. నార దారమైతే తేనెమైనం ముద్దమీద లాగి, వేళ్ళ మధ్య వేడెక్కేలా రుద్దాలి. దారం కొసని కత్తితో గీకి పలచన చేసి, సూది బెజ్జంలో ఎక్కించి, ఆ సూది మొనతోనే దారాన్ని రెండు మూడు చోట్ల గుచ్చి వెనక్కి లాగితే ముడి అక్కర్లేకుండా సూదికి బిగిసిపోతుంది. ఈ సూదుల మొనలు మొద్దుగా ఉంటాయి. పదునుంటే పక్కన వెళ్తున్న దారాన్ని చీలుస్తాయి. కన్నం చేసే పని సూదిది కాదు, ఆరెది.

తోలుని రెండు చెక్కల మధ్య ఇరికించి, ఆ చెక్కల్ని మోకాళ్ళ మధ్య బిగించి కూర్చోవాలి. అప్పుడే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. వరసగా మొనలున్న చిన్న ఇనప పనిముట్టుని సుత్తితో తట్టి ముందే గుర్తులు పెడతారు. పగ్గాలు, కళ్ళేల పనికి అంగుళానికి 8 నుంచి 10 కుట్లు. ఆ ఇనుము గుర్తు పెడుతుందంతే, లోపలికి దిగదు. ఆరె మొన నాలుగు పలకలుగా, కోలగా ఉంటుంది. ఆ పలకల వాలు ప్రతి కన్నంలోనూ ఒకేలా ఉండాలి, ఆరెని మాత్రం తోలుకి నిటారుగా గుచ్చాలి. ఇవతల గీత మీద గుచ్చిన మొన అవతల కూడా గీత మీదే పైకి రావాలి. కొత్తవాళ్ళ పని తెలిసిపోయేది అక్కడే. ముందు వైపు ముచ్చటగా ఉంటుంది, తిప్పి చూస్తే కుట్టు వంకర్లు పోయి ఉంటుంది. ఎవరి పని చేతికిచ్చినా ఉస్తాద్ మొదట వెనక వైపే చూసేవాడు.

కుట్టేటప్పుడు ఎడమ సూది ముందు వెళ్ళాలి. దాని దారాన్ని కొంచెం వెనక్కి లాగి పట్టుకుని, అదే కన్నంలో కుడి సూదిని దూర్చాలి. అలా లాగకపోతే రెండో సూది మొదటి దారంలోంచే దూరిపోతుంది, ఇక ఆ కుట్టు బిగియదు. తర్వాత రెండు చేతులూ ఒకేసారి, ఒకే బలంతో లాగాలి. దారం తోలులో కూర్చోవాలి గానీ తోలుని కోయకూడదు. ఈ వరస ఒక్క కుట్టులో మారినా అక్కడ వాలు మారిపోతుంది. తెలిసిన కన్ను గది అవతలనుంచే పట్టేస్తుంది. చివర్లో రెండు మూడు కుట్లు వెనక్కి వేసి, దారాన్ని తోలుకి సమంగా కోసి, సుత్తితో మెల్లగా తట్టి కూర్చోబెడతారు.

ఇంత కష్టం ఎందుకో ఉస్తాద్ మాటల్లో చెప్పలేదు. మిషన్ మీద కుట్టిన పట్టీ ఒకటి, చేత్తో కుట్టిన పట్టీ ఒకటి తీసుకుని, రెండింట్లోనూ ఒక్కో కుట్టు కోసి నా చేతికిచ్చి "లాగు బేటా" అన్నాడు. మిషన్ కుట్టులో పై దారం పైనే ఉంటుంది, కింది దారం కిందే ఉంటుంది, రెండూ తోలు మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఒకటి తెగిందంటే పట్టు పోతుంది. ఆ పట్టీ నా చేతిలో కుట్టు తర్వాత కుట్టుగా విచ్చుకుంటూ పోయింది. చేతి కుట్టులో ప్రతి కన్నంలోంచీ రెండు దారాలూ అటూ ఇటూ దాటి ఉంటాయి. ఒకటి తెగినా రెండోది ఉన్నచోటే నిలబడుతుంది. ఎంత లాగినా నా పట్టీ విడిపోలేదు.

ఒక రోజు నాన్నతో వీడియో కాల్ మాట్లాడుతూ, దాచడం ఇష్టంలేక, పని చేస్తున్న చోటే ఫోన్ నిలబెట్టి చూపించాను. తిడతాడనుకున్నాను. ఆయన కాసేపు చూసి "ఆరె పక్కకి వాలుస్తున్నావేంట్రా, మోచెయ్యి దించు" అన్నాడు. ఆ తర్వాత "దారానికి మైనం సరిపోలేదు, పోగులు లేస్తున్నాయి చూడు" అన్నాడు. అన్నీ తెలుసు ఆయనకి. అంత పని తెలిసిన మనిషి నలభై ఏళ్ళపాటు ఒక్క ముక్క బయటికి రానివ్వకుండా కూలికి వెళ్ళి నన్ను పెంచాడు. నాకు దుఃఖం వచ్చింది, కోపమూ వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ ఉంది.

అక్కడ అంతా గౌరవమే అని చెప్పను. నా పాస్‌పోర్టు నా దగ్గర ఉండేది కాదు, గదికి ఎనిమిదిమందిమి. కానీ పనిగదిలో మాత్రం వేరు. లక్షల ఖరీదు చేసే గుర్రం ఎక్కే కుర్రాడు తన పగ్గాలు తనే పట్టుకొచ్చి, సలాం చెప్పి, స్టూల్ లాక్కుని కూర్చుని, కుట్టడం అయ్యేదాకా టీ తాగుతూ చూసేవాడు. ఈ పని చేసేవాడి ఎదురుగా కూర్చోవడం నామోషీ అని అతనికి ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాను. ఇక్కడి తోలు సమస్యలు వేరు. ఎమిరేట్స్ పొడిగాలికి తోలు పగులుతుంది, నూనె పట్టించుకుంటూ ఉండాలి. మన గోదావరి చెమ్మకి బూజు పడుతుంది, ఇత్తడి బకిల్స్ చిలుమెక్కుతాయి, సూదులు తుప్పు పడతాయి. వానాకాలంలో ప్లాస్టిక్ కవర్లో తోలు కట్టిపెట్టడమంత చెడ్డపని లేదు. గుడ్డ సంచిలో పెట్టి గాలి ఆడే చోట వేలాడదీయాలి, బూజు కనబడితే పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే అట్టముక్క అయిపోతుంది. తడిసే వస్తువులకి నార దారం మానేసి పాలిస్టర్ దారం వాడుతున్నాను. చెట్టు బెరడుతో పదును చేసిన తోలు తమిళనాడు నుంచి తెప్పిస్తాను.

బెల్టులు, కుక్కల పట్టీలు, బండి బ్యాగులు కుడుతున్నాను. "మిషన్ మీద పది నిమిషాల పనికి ఇంత రేటేంటండి?" అని అడుగుతారు. రెండు పట్టీలు దగ్గరే ఉంచుకుంటాను. ఒక కుట్టు కోసి వాళ్ళ చేతికే ఇస్తాను. రేటు తగ్గించను. మా తాతకి పనికి బదులుగా గింజలు కొలిచి పడేసిన రోజులు చాలు.

నేర్చుకోవడానికి ఇద్దరు వస్తున్నారు. ఒకబ్బాయి మా బంధువే. రెండో మనిషి నరసాపురం లేసు అల్లే ఇంటి పిల్ల. దారం బిగువు ఎక్కడ ఆపాలో ఆ పిల్ల చేతికి ముందే తెలుసు, నేను నేర్పాల్సింది ఆరె పట్టు ఒకటే. నాన్న పక్కనే కూర్చుని ఇద్దరి పనీ తిప్పి వెనక వైపు చూస్తాడు, బాగోకపోతే విప్పేయమంటాడు. విప్పుతారు.

ఆత్రేయపురం వైపునుంచి ఒక రైతు సంక్రాంతికి ఎడ్ల జతకి మువ్వల పట్టెడలు కావాలని వచ్చాడు. అడ్వాన్స్ ఇచ్చి, మెడల కొలత తాడు వదిలి వెళ్ళాడు. తోలు దీపావళిలోపు రావాలి. వానలు వెనక్కి తగ్గాక మొదలుపెడతాం.