పద్యాలతో పాటు సీరియల్ నవలలు కూడా

అమెరికాలో మేముండే కాలిఫోర్నియా బే ఏరియాలో తెలుగువాళ్ళు కాస్త ఎక్కువగా ఉన్న ప్రతి ఊళ్ళోనూ శనివారమో ఆదివారమో తెలుగు తరగతి నడుస్తోంది. పిల్లలు గుణింతాలు దిద్దుతారు, వేమన పద్యాలు అప్పజెప్తారు, వార్షికోత్సవానికి పోతన పద్యం ఒకటి స్టేజీ మీద చదువుతారు. మా పిల్లలిద్దరూ అలాగే నేర్చుకున్నారు. జీతం భత్యం లేకుండా, వాళ్ళకున్న ఒక్క సెలవురోజూ మన పిల్లలకి ఇచ్చే ఆ టీచర్లంటే నాకు చాలా గౌరవం.

అయినా ఒక సంగతి మనసులో మెదులుతూనే ఉంటుంది. అసలు మనకి తెలుగు చదవడం మీద ఇష్టం ఎక్కడ పుట్టింది? నా మటుకు నాకు, వాచకంలో దాచిపెట్టుకుని చదివిన యద్దనపూడి సులోచనారాణి దగ్గర పుట్టింది. యండమూరి వీరేంద్రనాథ్ దగ్గర పెరిగింది. అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చిన నవల నేను రాత్రికి రాత్రి పూర్తిచేస్తే, తెల్లారాక అమ్మ వంట మధ్యలో చదివేది, మధ్యాహ్నానికి అది పక్కింటి పిన్నిగారి చేతుల్లో ఉండేది. ఒక్క రోజు అద్దెకి ముగ్గురం చదివేవాళ్ళం. మా తరం వాళ్ళ ఇళ్ళల్లో చాలావాటిలో ఇదే భాగోతం. మరి ఇప్పుడు పిల్లల దగ్గరికి వచ్చేసరికి మనం గౌరవించేవి ఇస్తున్నాం, ప్రాణంగా ప్రేమించినవి మాత్రం మన దగ్గరే ఉంచేసుకుంటున్నాం. రెండూ ఇవ్వాలని నా గట్టి నమ్మకం.

మా అమ్మాయి హైస్కూల్లో ఉంది. తెలుగు బాగానే మాట్లాడుతుంది, చదవడం మాత్రం కూడబలుక్కునే. దాని ప్రాణమంతా జేన్ ఆస్టిన్. 1813లో అచ్చయిన ఆవిడ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ ఈ పిల్లల నోళ్ళల్లో నిన్న మొన్న వచ్చిన పుస్తకంలా నలుగుతుంటే నాకు భలే సంతోషంగా ఉంటుంది. దాని స్నేహితురాళ్ళలో రెండు పార్టీలు. 1995లో బీబీసీ తీసిన సీరియలే అసలైనదని ఒక పార్టీ, 2005 సినిమాని మించింది లేదని ఇంకో పార్టీ. హీరో డార్సీ చెరువులో ఈదొచ్చి తడి చొక్కాతో ఎదురుపడే సీను పుస్తకంలో లేనే లేదని, అయినా ఆ సీరియల్ చూసినవాళ్ళందరికీ ముందు గుర్తొచ్చేది అదేనని కారులో నాకు వివరంగా చెప్పుకొచ్చింది. వింటుంటే, యద్దనపూడి నవల సెక్రటరీ సినిమాగా వచ్చినప్పుడు మా అమ్మా, పిన్నీ పెరట్లో కూర్చుని "వాణిశ్రీ బాగానే చేసిందిలే గానీ, నవల్లో జయంతి వేరే" అనుకున్న మాటలు చెవిలో పడ్డట్టే ఉంది.

ఆ రోజే దానికి ఆ సెక్రటరీ కథ చెప్పడం మొదలుపెట్టాను. బామ్మతో ఉండే మధ్యతరగతి అమ్మాయి జయంతి, వనితా విహార్‌లో సెక్రటరీ ఉద్యోగం. డబ్బూ దర్జా ఉన్న రాజశేఖరం. అతని చుట్టూ తిరిగే ఆడవాళ్ళు. అతను ఎంత గొప్పవాడైనా సరే, తలవంచని ఈ పిల్ల. సగంలోనే ఆపి, "అమ్మా, ఇది డార్సీ కదా!" అంది. అవును, ఆ చుట్టరికం ఉంది. ఒకరికి అహంకారం, ఇంకొకరికి ఆత్మాభిమానం, మధ్యలో అపార్థం. ఆ పోలిక పట్టుకోగానే దానికి ఆ పుస్తకం పరాయిదనే భావం పోయింది. చదివి వినిపించమని అదే అడిగింది.

ఆదివారం మధ్యాహ్నాలు బట్టలు మడతపెట్టుకుంటూ చదవడం అలవాటైంది. చదువుతుంటే నాకు అంతకుముందు తట్టని విషయం ఒకటి అర్థమైంది. ఈ నవలల్లో పేజీలకి పేజీలు సంభాషణలే. అవి కూడా ఇంట్లో మనం మాట్లాడుకునే తెలుగులో ఉంటాయి. విదేశంలో పెరిగిన పిల్లకి తెలిసిన తెలుగు ఏది? అన్నం తిన్నావా, ఎక్కడికెళ్ళావు, ఎందుకంత కోపం, అమ్మమ్మతో మాట్లాడావా. సరిగ్గా ఆ తెలుగులోనే ఈ నవల నడుస్తుంది. సాహిత్యం అనగానే మనం తీసిచ్చే పుస్తకాల్లో మొదటి పేరాలోనే పిల్లలు ఆగిపోతారు. ఇక్కడ జయంతికి కోపం వచ్చిందని గొంతులోనే తెలిసిపోతుంది, తెలియని మాట ఒకటీ అరా ఉన్నా కథ ఆగదు. ఈ నవలల్ని కాలక్షేపం బఠానీలని తీసిపారేసిన పెద్దలు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను. వంటింట్లోంచి బయటికి రాని ఆడవాళ్ళ చేత వారం వారం చదివించడం చిన్న పనేమీ కాదు.

వాదన అసలు మొదలైంది మా అమ్మ వీడియో కాల్‌లో కలిశాక. మనవరాలు నిలదీసింది: "అమ్మమ్మా, అతను అంత పొగరుగా మాట్లాడతాడు కదా, నీకెలా నచ్చాడు?"

మా అమ్మ తడుముకోలేదు. "మాకు నచ్చింది అతను ఒక్కడే కాదమ్మా. ఆ పిల్ల ఉద్యోగం చేసుకుంటోంది, జీతం తెచ్చుకుంటోంది, అంత పెద్దవాడికి ఎదురు సమాధానం చెప్తోంది. మా నాన్నకి ఎదురు చెప్పే ధైర్యం మాలో ఎవరికుంది అప్పుడు? అది చదువుకుని మురిసిపోయేవాళ్ళం."

ఆరడుగుల అందగాడూ, పెద్ద కారూ, మేడా, అవే ఈ నవలల ఆకర్షణ అని అందరూ అంటారు. అవి లేవని కాదు. కానీ 1960ల్లో చదువుకుని, ఉద్యోగం అనే ఆలోచన అప్పుడప్పుడే మొదలైన ఆడపిల్లలకి జయంతి ఏమిటో మా అమ్మ నోట విన్నాకే నా కూతురికి తెలిసింది. అయినా అది ఒప్పుకోలేదు, అతని పొగరు పొగరే అంది. నాకు అదీ నచ్చింది. అరవై ఏళ్ళనాటి పుస్తకం మీద గుడివాడలో ఉన్న డెబ్భై ఏళ్ళావిడా, ఫ్రీమాంట్‌లో ఉన్న పదహారేళ్ళ పిల్లా పోట్లాడుకున్నారంటే ఆ పుస్తకంలో ప్రాణం ఉన్నట్టే కదా. వాళ్ళిద్దరి మధ్య అంతకుముందు కాల్ అంటే "బాగున్నావా, బాగున్నాను, తిన్నావా, తిన్నాను" అంతే.

ఆ తర్వాత వచ్చినప్పుడు మా అమ్మ సూట్‌కేసులో పచ్చళ్ళతో పాటు పాత బైండు పుస్తకం ఒకటి తెచ్చింది. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, వరసగా పెట్టి, సూదీ దారంతో కుట్టి, అట్ట అంటించినది. మా అమ్మమ్మ చేతిపని. పేజీల అంచులు టీ రంగులోకి తిరిగాయి. కొన్నిచోట్ల కుట్టు లోపలికి పోయి వాక్యం చివరి మాట కనపడదు, ఊహించుకోవాలి. పేజీ వెనక సగం వంటకం, పళ్ళపొడి ప్రకటనలో ఒక ముక్క, ఎవరో పెన్సిల్‌తో సగం నింపిన పదవినోదం. ప్రతి వారం భాగం కింద బ్రాకెట్లో "సశేషం". మా అబ్బాయి, వాడింకా మిడిల్ స్కూలు, ఆ సశేషాలన్నీ వెతుక్కుంటూ పోయాడు. ప్రతిచోటా సరిగ్గా తలుపు చప్పుడైనప్పుడో, ఉత్తరం విప్పబోతున్నప్పుడో ఆగుతుందని వాడే కనిపెట్టి, "వీళ్ళు వారం రోజులు ఎలా ఆగారు?" అని ఆశ్చర్యపోయాడు. ఆగలేదు నాన్నా, ఆ వారమంతా తర్వాత ఏమవుతుందో మాట్లాడుకున్నారు. సీరియల్ అంటేనే అది.

నవల సినిమా అయితే చెడిపోతుందనే మాట మనవాళ్ళలో బాగా వినిపిస్తుంది. నేను అలా అనుకోను. సినిమా అవడం వల్లే ఆ కథలు పుస్తకం ముట్టనివాళ్ళ ఇళ్ళల్లోకి కూడా వెళ్ళాయి. కోడూరి కౌసల్యాదేవి చక్రభ్రమణం రాస్తే అది 1964లో డాక్టర్ చక్రవర్తి అయింది. ఆవిడ ప్రేమనగర్‌ని 1971లో కె.ఎస్. ప్రకాశరావు దర్శకత్వంలో రామానాయుడు తీశారు. మరుసటి ఏడాదే ఆ కథ తమిళంలో శివాజీ గణేశన్‌తో వసంత మాళిగై అయింది, 1974లో హిందీలో రాజేశ్ ఖన్నాతో ప్రేమ్‌నగర్ అయింది. మా వీధిలో తమిళావిడ వసంత మాళిగై తమ సొంత కథేనని చాలాకాలం అనుకుంది. తెలుగులో ఒక ఆడమనిషి రాసిన నవల అది అని చెప్పినప్పుడు నాకు కలిగిన గర్వం దాచుకోలేదు, దాచుకోవాల్సిన అవసరమూ లేదు.

మా ఇంట్లో ఎక్కువ పనికొచ్చింది మాత్రం మీనా. యద్దనపూడిగారి ఈ నవలని 1973లో విజయనిర్మల తీశారు, కృష్ణతో. తెలుగులో ఆవిడ దర్శకత్వం చేసిన మొదటి సినిమా. శ్రీరామనవమికి మా అమ్మ పాడే "శ్రీరామ నామాలు శతకోటి" పాట అందులోదే, రమేష్ నాయుడు సంగీతం, సుశీలమ్మ గొంతు. అది సినిమా పాటని తెలియకుండానే ఎన్నో ఇళ్ళల్లో దేవుడి ముందు పాడుకుంటున్నారు. 2016లో త్రివిక్రమ్ తీసిన అఆకి కూడా మూలం మీనాయే. పిల్లలకి ముందు అఆ చూపించాను. సమంత పాత్ర పెద్దింటి పిల్ల, ప్రతిదీ తల్లి చెప్పినట్టే జరగాలి. తల్లి ఊళ్ళో లేని సమయంలో తండ్రి ఆ పిల్లని మేనత్తగారి పల్లెటూరికి పంపిస్తాడు. అక్కడ బావ, పొలం, పాత ఇల్లు, అప్పటిదాకా తనకి తెలియని చుట్టాలు.

ఇది మన పిల్లల కథ కాదా? సెలవులకి ఇండియా వెళ్ళి, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక, బాత్రూమ్ ఎక్కడని అడగడానికి మొహమాటపడి, వారం తిరిగేసరికి పిన్ని కూతుళ్ళతో కలిసి మేడ మీద పడుకునే పిల్లల కథే అది. మా అమ్మాయి ఆ పల్లెటూరి సీన్లన్నీ నవ్వుతూ చూసింది. తల్లి సీన్లకి మాత్రం నవ్వలేదు. సినిమా అయ్యాక, "అమ్మా, నువ్వు కూడా నా గురించి అన్నీ ముందే డిసైడ్ చేసి పెట్టుకున్నావా?" అని అడిగింది. టెన్షన్ పడాల్సిన ప్రశ్నే. ఏ చదువు చదవాలి, ఎవర్ని పెళ్ళి చేసుకోవాలి అన్నవి నీ చేతుల్లోవే అన్నాను. అమ్మమ్మతో తెలుగులో మాట్లాడాలి, మనవాళ్ళింట్లో మంచికీ చెడుకీ నిలబడాలి, ఈ రెండూ మాత్రం నేను కోరుకుంటున్నాను, అడుగుతూనే ఉంటాను అన్నాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. మామూలుగా కూర్చోబెట్టి "రా, మన సంస్కృతి గురించి మాట్లాడుకుందాం" అంటే ఏ టీనేజర్ వింటుంది? సినిమాలో తల్లి గురించి కాబట్టి ఇద్దరం మనసులో మాట చెప్పుకోగలిగాం.

అబ్బాయి దారి వేరు. వాడు గ్రీకు దేవుళ్ళ కథలతో నడిచే పెర్సీ జాక్సన్ పుస్తకాల మనిషి. వాటి రచయిత రిక్ రయర్డన్ ఆ కథల్ని మొదట తన కొడుక్కి రాత్రిపూట చెప్పిన కథలుగా మొదలుపెట్టాడని తెలిసినప్పటి నుంచి ఆయనంటే నాకూ అభిమానం. పుస్తకంలో పన్నెండేళ్ళ పిల్లాణ్ణి 2010 సినిమాలో పెద్దవాణ్ణి చేసేశారని వాడికి ఇప్పటికీ కోపమే, తర్వాత వచ్చిన సీరియల్ చూశాక కొంత చల్లబడ్డాడు. అదే రయర్డన్ ప్రోత్సాహంతో 2018లో రోషణి చోక్షి రాసిన ఆరూ షా పుస్తకం వచ్చింది. అట్లాంటాలో ఉండే పిల్ల పాండవుల అంశతో పుట్టిన కథ. అది చదివాక వాడు భీముడి గురించి అడిగిన ప్రశ్నలకి నేను భారతం మళ్ళీ తిరగేయాల్సి వచ్చింది. ఏ గుమ్మంలోంచి వచ్చినా ఇంట్లోకి రావడమే కావాలి.

వాణ్ణి తెలుగు వైపు లాగింది మాత్రం జీవన తరంగాలు. 1973 సినిమా, అదీ యద్దనపూడి నవలే. పోలీసుల్ని తప్పించుకోవడానికి కృష్ణంరాజు దారిన పోతున్న శవయాత్రలో దూరి పాడె మోస్తాడు. ఆ పాడె మీద ఉన్నది కన్నతల్లి అని అతనికి తెలియదు. వెనక ఘంటసాల గొంతు. మా వాడికి ఆత్రేయ మాటలు సగం కూడా అర్థమై ఉండవు. "వాడికి చెప్పండి ఎవరైనా!" అని టీవీకి చెప్తున్నాడు, కళ్ళనిండా నీళ్ళు. ఆ పాట మొత్తం అర్థం వాడికి చెప్పడానికి వాళ్ళ నాన్నకీ నాకూ ఆ సాయంత్రమంతా పట్టింది, అంతసేపూ వాడు కదలలేదు.

కృష్ణా జిల్లా కాజలో పుట్టిన సులోచనారాణిగారు 2018 మే నెలలో ఇక్కడే, మాకు కాస్త దూరంలోని కుపర్టినోలో, కూతురి దగ్గర కన్నుమూశారు. ఆవిడ అంత దగ్గర్లో ఉన్నారని మా అమ్మకి ముందే తెలిసి ఉంటే నన్ను బతిమాలైనా ఒకసారి తీసుకెళ్ళమనేది. మన పిల్లలు పెరుగుతున్న ఈ ఊళ్ళకీ, మన నవలలకీ సంబంధం లేదని ఎవరైనా అంటే నాకు ఆవిడే గుర్తొస్తారు.

ఎలా మొదలుపెట్టాలని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు స్నేహితులు అడిగారు. చదవడం రాని పిల్లలకి ముందు సినిమా చూపించండి, తర్వాత నవల మీరే చదివి వినిపించండి. తేడాలు వాళ్ళనే పట్టుకోనివ్వండి. మధ్యలో నీతులు చెప్పకండి, హీరోని తిడితే తిట్టనివ్వండి. అమ్మానాన్నలు ఊళ్ళో ఉంటే వాళ్ళ చేత ఒక భాగం చదివించి ఫోన్లో రికార్డు చేయించుకోండి. ఆ గొంతుతో విన్న తెలుగు వేరు.

మా ఇంట్లో ప్రస్తుతం నడుస్తున్న గొడవ, సెక్రటరీని ఇప్పుడు వెబ్ సిరీస్‌గా తీస్తే ఎలా ఉండాలి అని. రాజశేఖరం క్షమాపణ చెప్పడానికి ఒక ఎపిసోడ్ మొత్తం కేటాయించాలని అమ్మాయి పట్టు. జయంతి వేషానికి వాణిశ్రీ తప్ప ఇంకెవరూ పనికిరారని మా అమ్మ మొన్నటిదాకా మొండికేసింది. నిన్న కాస్త దిగొచ్చింది. "సరే, ఎవర్నైనా పెట్టుకో తల్లీ. క్షమాపణ కూడా చెప్పించు. కానీ బామ్మ పాత్ర మాత్రం తగ్గించావంటే ఊరుకోను."