గడప దాటని కాలు

2022లో ఎంగిలిపూల బతుకమ్మ రోజు వేయిస్తంభాల గుడి దగ్గర నాకు మొదటిసారి గట్టిగా భయమేసింది. అందరం చప్పట్లు కొడుతూ తిరుగుతున్నాం, చిన్నప్పటి నుంచి వేస్తున్న అడుగే, కానీ నా కాలు నేల మీంచి లేవలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు, అంటుకుపోయింది అంతే. వెనకామె వచ్చి తగిలితే పడబోయాను, మా కోడలు పట్టుకుంది. "ఏమైంది అత్తమ్మా, కండ్లు తిరిగినయా?" అంటే అవునన్నాను. ఏం చెప్పాలో నాకే తెలియలేదు.

అప్పుడు నాకు 63. ప్రైమరీ స్కూల్ టీచర్‌గా రిటైరై హనుమకొండలో ఉంటున్నాం.

తర్వాత ఏడాదిన్నర ఆ కాలు చుట్టూనే గడిచింది. మా వంటింటి గడప నాలుగు వేళ్ల ఎత్తు కూడా ఉండదు. దాని ముందు నిలబడి కాలు ఎత్తాలనుకుంటాను, మోకాలు కొంచెం వంగుతుంది, పాదం మాత్రం జిగురు రాసినట్టు నేలనే పట్టుకుని ఉంటుంది. తలుపు పట్టుకుని రెండు మూడు సార్లు ముందుకూ వెనక్కూ ఊగితే అప్పుడు దాటేది. వెనక్కి తిరగాలంటే ఏడెనిమిది చిన్న చిన్న అడుగులు వేయాల్సి వచ్చేది.

ఇంకొకటి రాయడానికి ఇప్పటికీ మొహమాటంగానే ఉంది. మూత్రం ఆగేది కాదు. వెళ్లాలి అనిపించాక బాత్రూం చేరేదాకా టైం ఉండేది కాదు, అందులోనూ ఆ నడకతో. పెళ్లిళ్లు మానేశాను, బస్సు ఎక్కడం మానేశాను, కాజీపేటలో ఉన్న చెల్లెలింటికి కూడా వెళ్లలేదు, నీళ్లు తాగడం తగ్గించాను. ఎవరికీ చెప్పలేదు, చివరికి డాక్టరుకు కూడా. అదే నేను చేసిన పెద్ద తప్పు. మతిమరుపు మాత్రం అందరికీ కనిపించింది, పాలు పొంగిపోయేవి, పాలబ్బాయికి రెండుసార్లు డబ్బులిచ్చాను, ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టేది. "వయసైతుంది గదా, గట్లనే ఉంటది" అనేవారు మా సారు, అంటే మా ఆయన. నేనూ అదే నమ్మాను.

ఒకచోట మోకాళ్ల ఎక్స్‌రే తీసి కాల్షియం ఇచ్చారు. ఇంకోచోట నా నడక చూసి పార్కిన్సన్ అన్నారు, ఆరు నెలలు మందులు వాడాను, ఒక్క అడుగు కూడా మారలేదు. పార్కిన్సన్‌లోనూ నాకున్న అసలు జబ్బులోనూ నడక ఇంచుమించు ఒకేలా ఉంటుందని తర్వాత తెలిసింది కాబట్టి నాకు వాళ్ల మీద కోపం లేదు. కానీ మూత్రం సంగతి అప్పుడే చెప్పి ఉంటే బాగుండేదని ఈ రోజుకీ అనిపిస్తుంది. నడక, మూత్రం, మతిమరుపు, ఈ మూడూ కలిసి వస్తేనే నాకున్న జబ్బు మీద డాక్టరుకు అనుమానం త్వరగా వస్తుంది. నేను ఒకటి దాచేశాను.

మా అబ్బాయి పట్టుబట్టి న్యూరాలజిస్టుకు, అంటే మెదడు, నరాల డాక్టరుకు చూపించాడు. ఆయన ఏమీ దాచొద్దని నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడిగితే అన్నీ చెప్పేశాను. స్కాన్ తీయించారు. ఫిల్మ్ మధ్యలో సీతాకోకచిలుక రెక్కల్లా నల్లగా కనిపించే భాగాన్ని చూపించి, ఇవి మెదడులో నీరుండే గదులు, మీకు బాగా ఉబ్బి ఉన్నాయి, దీన్ని నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫలస్ అంటారు అన్నారు.

హైడ్రోసెఫలస్ అనగానే నాకు మా స్కూల్లో రెండో తరగతి బాబు గుర్తొచ్చాడు. తల కొంచెం పెద్దగా ఉండేది, చెవి వెనక చర్మం కింద చిన్న బుడిపె. వాళ్లమ్మ మొదటి రోజే వచ్చి "టీచరమ్మా, మా పిలగానికి తలల నీళ్లున్నయి, పైపు ఏసిండ్రు, ఎవలు తల మీద కొట్టకుండ జర సూడున్రి" అంది. ముందు బెంచీలో కూర్చోబెట్టాను, అంతే. ఆ పైపు ఎందుకు, మూసుకుపోతే ఎలా తెలుస్తుంది అని అడగలేదు. తలనొప్పి, వాంతులు, మగతగా పడుకోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పంపాలని ఇప్పుడు తెలుసు. రోజంతా బాబు నా కళ్ల ముందే ఉండేవాడు, అది అప్పుడే తెలుసుకోవాల్సింది.

ఇది పిల్లల జబ్బు అనుకునేదాన్ని. మన అందరి మెదడులోనూ ఈ నీరు రోజుకు దాదాపు అర లీటరు తయారవుతుందట. ఒక సమయంలో ఉండేది 150 మిల్లీలీటర్ల లోపే, పాతది రక్తంలోకి ఇంకిపోతూ కొత్తది వస్తూ ఉంటుంది. పిల్లల్లో ఎక్కువగా ఆ నీరు పోయే దారి ఎక్కడో మూసుకుపోతుంది. నాలాంటి వాళ్లలో దారి తెరిచే ఉంటుంది, ఇంకడమే సరిగా జరగదు. నడుము దగ్గర సూది పెట్టి ఆ నీటి ప్రెషర్ చూస్తే మామూలుగానే వస్తుంది, అందుకే ఆ పేరు. కొలంబియాకు చెందిన సలోమోన్ హకీం అనే డాక్టర్ 1965లోనే దీని గురించి వివరించారట. అంటే నేను బడిలో చేరే వయసు నాటికే డాక్టర్లకు తెలిసిన జబ్బు.

ఆపరేషన్ పనికొస్తుందో లేదో చూడటానికి హైదరాబాద్‌లో ముందు ఒక పరీక్ష చేశారు. వరండాలో పది మీటర్లు నడిపించి వీడియో తీశారు, 31 అడుగులు పట్టింది. తర్వాత పక్కకు పడుకోబెట్టి, మోకాళ్లు కడుపు దాకా ముడవమని, నడుములోంచి ఆ నీరే 40 మిల్లీలీటర్లు తీశారు. కొబ్బరినీళ్లలా తేటగా ఉంది. మూడు గంటల తర్వాత అదే వరండాలో మళ్లీ నడిపిస్తే 19 అడుగులు. తిరిగేటప్పుడు గోడ పట్టుకోలేదని వీడియో చూశాకే నాకు తెలిసింది. వీడియో తీస్తున్న మా అబ్బాయి చేయి వణికింది, అది కూడా అందులో కనిపిస్తుంది.

2024 ఫిబ్రవరిలో షంట్ వేశారు. తలలోంచి సన్నని గొట్టం చర్మం కిందుగా మెడ, ఛాతీ దాటి కడుపులోకి వెళ్తుంది, ఎక్కువైన నీరు అక్కడ ఇంకిపోతుంది. నీరు ఎంత పోవాలో చూసుకోవడానికి మధ్యలో ఒక వాల్వ్. అయిదో రోజు ఇంటికి వచ్చాను. మూడో వారం లేచి కూర్చుంటే తల పగిలేంత నొప్పి, పడుకుంటే మాయం. నీరు ఎక్కువగా లాగేస్తోందన్నారు. లోపల రక్తస్రావం ఏమీ లేదని స్కాన్ చూసి, తల మీద అయస్కాంతం లాంటి పరికరం పెట్టి వాల్వ్ సెట్టింగ్ మార్చారు, కోత లేదు, కుట్టు లేదు. ఎంఆర్ఐ స్కాన్ తీయిస్తే మాత్రం ఆ సెట్టింగ్ మారే అవకాశం ఉందని వెంటనే చూపించుకోమన్నారు. వాల్వ్ వివరాలున్న కార్డు ఎప్పుడూ నా పర్సులో ఉంటుంది. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడినా, నడక మళ్లీ ఆపరేషన్‌కు ముందులా అనిపించినా ఆగకుండా వెళ్లాలి.

నడక బాగా వచ్చింది, మూత్రం చాలావరకు అదుపులో ఉంది. మతిమరుపు మాత్రం అంతగా తగ్గలేదు, ముందే చెప్పారు అది అన్నిటికన్నా తక్కువగా తగ్గుతుందని. నోట్‌బుక్‌లో రాసుకుంటాను, ఇది రాయడానికి కూడా పదకొండు రోజులు పట్టింది, తేదీలు మా సారు సరిచూశారు.

వచ్చే నెల హైదరాబాద్‌లో చెకప్ ఉంది. అబ్బాయి కారు పంపిస్తానన్నాడు, నేనే వద్దన్నాను. బస్సులో వెళ్తాం, కిటికీ పక్క సీటు నాది.