వేగస్ నరం ప్రయోగంలో తేడా వచ్చే చోట్లు: నా అనుభవం

సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు ఒళ్లంతా అదుపు తప్పి స్పందించే స్థితి) ముదిరిన పెద్దవాళ్లు అయోమయంగా మాట్లాడతారు, సొంత మనుషుల్నే గుర్తుపట్టరు. మెదడులో క్రిమి లేకపోయినా అక్కడి మైక్రోగ్లియా, అంటే మెదడులోని రోగనిరోధక కణాలు, రేగుతుంది. మెదడు నుంచి మెడ మీదుగా గుండెకు, పొట్టకు దిగే వేగస్ నరానికి కరెంటు ఇస్తే అది తగ్గుతుందా అని తిరుపతిలోని మా ల్యాబ్‌లో, జంతు ఎథిక్స్ కమిటీ అనుమతితో, ఎలుకల మీద చూస్తున్నాం.

2000లో అమెరికా పరిశోధకుడు కెవిన్ ట్రేసీ బృందం ఎలుకల వేగస్ నరానికి 5 వోల్టులు, 2 మిల్లీసెకన్లు, సెకనుకు ఒక పల్స్ చొప్పున, ఎల్‌పీఎస్ (వాపు పుట్టించే బ్యాక్టీరియా గోడ పదార్థం) ఇచ్చే ముందు 10 నిమిషాలు, ఇచ్చాక 10 నిమిషాలు ఇచ్చింది. రక్తంలో, కాలేయంలో టీఎన్‌ఎఫ్ (వాపును పెంచే ప్రోటీన్) తగ్గింది. అయితే వాళ్లు నరాన్ని కోసి, కింది కొసకు మాత్రమే కరెంటు ఇచ్చారు. నరం కోయకపోతే సంకేతం పైకి, మెదడుకు కూడా పోతుంది. అందుకే ఎడమ నరం కోసి కింది కొసను ప్రేరేపించే గుంపు ఒకటి విడిగా ఉండాలి. రెండు వైపులా కోస్తే శ్వాస దెబ్బతిని ఎలుక 24 గంటలు నిలవదు.

ఎడమ కరోటిడ్ ధమని పక్కన తెల్లటి దారంలా కనిపించేదే వేగస్. దాని పక్కనున్న సన్నటిది సింపథెటిక్ నరం. గాజు కొక్కెంతో విడదీయాలి, లాగకూడదు. ఆరిపోకుండా పారాఫిన్ నూనె చుక్కలు వెయ్యాలి. షామ్ గుంపుకు, అంటే పోలిక కోసం పెట్టే గుంపుకు, ఇదంతా చేసి కరెంటు మాత్రం ఆపాలి.

అసలు చిక్కు మత్తుతో వస్తుంది. మత్తుమందుల్లో కెటమిన్ తనంతట తానే టీఎన్‌ఎఫ్‌ను తగ్గిస్తుంది. దానితో కలిపి ఇచ్చే జైలజిన్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, వేగస్‌కు కరెంటు ఇచ్చినా అదే జరుగుతుంది. కాబట్టి గుండె నెమ్మదించింది కదా, నరం పనిచేసిందనుకోవడానికి లేదు. కరెంటు ఆన్ చేసిన క్షణానికీ ముందుకీ మధ్య తేడా చూడాలి. మా ఎండాకాలంలో ఏసీ బాగా తగ్గించి పెడతారు, మత్తులో ఉన్న ఎలుక త్వరగా చల్లబడుతుంది. ఒంటి వేడి తగ్గినా సైటోకైన్లు (టీఎన్‌ఎఫ్ లాంటి సంకేత ప్రోటీన్లు) మారిపోతాయి. మలద్వారంలో ప్రోబ్ పెట్టి 37 డిగ్రీలు నిలపాల్సిందే.

ఎల్‌పీఎస్ గొట్టం గోడలకు అంటుకుంటుంది. ప్రతిసారీ వోర్టెక్స్ యంత్రం మీద గట్టిగా కలపకపోతే మొదటి ఎలుకకూ చివరి ఎలుకకూ ఒకే మోతాదు అందదు.

ఎల్‌పీఎస్ ఇచ్చాక రక్తంలో టీఎన్‌ఎఫ్‌కు 90 నిమిషాల దగ్గర, మైక్రోగ్లియాకు 24 గంటల దగ్గర నమూనా తీస్తాం, వేర్వేరు ఎలుకల నుంచి. మెదడు తీసే ముందు గుండె ద్వారా చల్లటి పీబీఎస్ (ఉప్పు ద్రావణం) పంపి రక్తం కడగాలి. లేకపోతే ఎలైజాలో (ప్రోటీన్ ఎంతుందో కొలిచే పరీక్షలో) మెదడు టీఎన్‌ఎఫ్‌గా కనిపించేదాంట్లో కొంత రక్తంలోదే.