పన్నెండో రోజు పరుగు

యూనివర్సిటీ సెలెక్షన్స్‌లో 200 మీటర్ల హీట్, అంటే ఫైనల్‌కి ముందు జరిగే రౌండ్. మలుపు అయిపోయి స్ట్రెయిట్‌లోకి వచ్చేశాను, ఇంకా ఎనభై తొంభై మీటర్లు ఉంటుంది, ఎడమ తొడ వెనకాల లోపలెక్కడో తాడు పురి ఒక్కసారిగా విడిపోయినట్టయింది. రెండడుగులు కుంటి, మూడో అడుగుకి కాలు మోపలేక ట్రాక్ మీదే కూర్చుండిపోయాను. పక్క లేన్లలో అమ్మాయిలు నన్ను దాటి వెళ్ళిపోతుంటే వాళ్ళ స్పైక్స్ (కింద మేకులుండే రన్నింగ్ బూట్లు) చప్పుడు దూరమవడం ఇప్పటికీ చెవుల్లో ఉంది.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ రోజు గురించి కాదు, దానికి పన్నెండు రోజుల ముందు సంగతి. అప్పుడు పట్టించుకుని ఉంటే నా సీజన్ పోయేది కాదు. మన గ్రౌండ్లలో పరిగెత్తే పిల్లలు, పోలీస్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసే వాళ్ళు ఇదే తప్పు మళ్ళీ మళ్ళీ చేయడం చూస్తున్నా కాబట్టి మొత్తం రాస్తున్నాను.

ఆ వారం ఇంటర్నల్ ఎగ్జామ్స్. రాత్రి నాలుగైదు గంటల నిద్ర. మేం రోజూ ప్రాక్టీస్ చేసేది మట్టి గ్రౌండ్‌లో, సెలెక్షన్స్ దగ్గర పడ్డాయని రెండు రోజులు సింథటిక్ ట్రాక్‌కి తీసుకెళ్ళారు. కొత్త స్పైక్స్. ముందు రోజు స్క్వాట్స్ బరువు పెంచి చేసి ఉన్నాను, తొడలు ఇంకా నొప్పిగానే ఉన్నాయి. ఆ కాళ్ళతోనే ఫ్లయింగ్ 30లు, అంటే ముప్పై మీటర్లు స్పీడ్ అందుకుని తర్వాత ముప్పై మీటర్లు ఫుల్ స్పీడ్. నాలుగోదానిలో తొడ వెనక పట్టేసింది. చిరిగినట్టు కాదు, ఊరికే బిగుసుకున్నట్టు. అక్కడితో ఆపకుండా ఐదోది కూడా పరిగెత్తాను. ఆ ఐదోది ఎందుకు పరిగెత్తానో ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మా కోచ్ సార్ రెస్ట్ తీసుకోమన్నారు. తీసుకున్నాను. వేడినీళ్ళ కాపడం, బామ్, హాస్టల్ గదిలో పడుకోవడం. ఎనిమిదో రోజుకి నడిస్తే నొప్పి లేదు, పదో రోజుకి మెట్లెక్కినా లేదు. పన్నెండో రోజు పొద్దున హీట్. నొప్పి లేదు కదా, మానిపోయిందనుకున్నాను. సార్ కూడా అలాగే అనుకున్నారు.

అది ఎందుకు తప్పో నాకు తర్వాత అర్థమైంది. ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తేటప్పుడు హామ్‌స్ట్రింగ్‌కి, అంటే తొడ వెనక కండరానికి, అన్నిటికంటే ఎక్కువ భారం పడేది కాలు ముందుకు దూసుకెళ్ళి మోకాలు చాచుకునే ఆఖరి క్షణంలో, పాదం ఇంకా నేలకి తగలకముందే. అప్పుడు ఆ కండరం సాగుతూనే కాలిని ఆపాలి. మా ఊళ్ళో బావి ఉండేది, చేదని లోపలికి వదిలేటప్పుడు తాడు చేతుల్లోంచి జారిపోతుంటుంది, దాన్ని గట్టిగా పట్టుకుని ఆపితే అరచేతులు మండిపోతాయి. పైకి లాగేటప్పుడు బరువు ఉంటుంది గానీ ఆ మంట ఉండదు. హామ్‌స్ట్రింగ్ పని ఆ జారే తాడుని ఆపడం లాంటిది, అదీ సెకనుకి నాలుగైదు అడుగులు పడే పరుగులో. నడకలో, మెట్లెక్కడంలో ఆ పని దాదాపు లేదు. కాబట్టి మెట్లెక్కితే నొప్పి లేదన్న సంగతి ఫుల్ స్పీడ్ పరుగు గురించి ఏమీ చెప్పదు. పైగా పన్నెండు రోజులు పడుకోవడంతో ఆ కండరం ఇంకా బలహీనపడింది, నేనేమో సరాసరి దాన్ని తీసుకెళ్ళి రేసులో పెట్టాను. హామ్‌స్ట్రింగ్ గాయం ఎవరికి రావచ్చో చెప్పే గుర్తుల్లో అన్నిటికంటే పెద్దది అంతకుముందు ఒకసారి వచ్చి ఉండటమే అంటారు. నాకు పన్నెండు రోజుల ముందే వచ్చింది.

ఆ సాయంత్రం ఒక ఆస్పత్రిలో చూపిస్తే చేయి కూడా వేయకుండానే మూడు వారాలు బెడ్ రెస్ట్ అని నొప్పి మాత్రలు రాసిచ్చి పంపేశారు. ఇంటికి వెళ్ళిపోయాను. మూడో రోజుకి తొడ వెనక నల్లగా నీలంగా కమిలి ఆ రంగు మోకాలి వెనక దాకా జారింది. అది చూసి అమ్మ ఏడ్చింది. అవ్వ మాత్రం "పుత్తూరుకి పోదాం పాపా, రెండు కట్లు కడితే సరిపోతాది" అని పట్టుబట్టింది. పుత్తూరు కట్టు మీద మా వైపు ఉన్న నమ్మకం తెలుసు, మా బంధువుల్లో ఎముక విరిగిన వాళ్ళు చాలామంది అక్కడికే పోయారు. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ నాది ఎముక కాదు, కండరం, దాన్ని కదలకుండా కట్టేసి ఉంచితే ఇంకా చిక్కిపోతుంది. అవ్వకి ఆ మాట చెప్పి ఒప్పించడానికి ఒక రోజు పట్టింది.

సీనియర్ ఒకామె చెబితే తిరుపతిలో ఒక ఫిజియో దగ్గరికి వెళ్ళాను, స్పోర్ట్స్ గాయాలు చూస్తారు. ఎమ్మారై తీయించమన్నారు, ఆరున్నర వేలయింది, నాన్న వేరుశనక్కాయలు అమ్మిన డబ్బులోంచి ఇచ్చాడు. హామ్‌స్ట్రింగ్‌లో ఒక భాగమైన బైసెప్స్ ఫీమోరిస్ లాంగ్ హెడ్‌లో, కండరం టెండాన్‌తో (ఎముకకి పట్టి ఉంచే నరం లాంటి పట్టీతో) కలిసే చోట గ్రేడ్ 2 చిరుగు, అంటే పూర్తిగా తెగలేదు, కొంత చిరిగింది. స్ప్రింటర్లకి ఎక్కువగా చిరిగేది అక్కడేనట. రిపోర్ట్ కంటే ఆమె బొటనవేలితో నొక్కి చూసినదే నాకు ఎక్కువ అర్థమైంది. నొప్పి ఎంత పొడవున ఉంది, కూర్చునే ఎముకకి ఎంత దగ్గరగా ఉంది అని కొలిచి రాసుకున్నారు, ఆ ఎముకకి దగ్గరయ్యే కొద్దీ మానడానికి ఎక్కువ రోజులు పడుతుందట. నాది కాస్త దూరంగానే ఉంది. నేను వెళ్ళీ వెళ్ళగానే "ఎన్ని రోజులు పడుతుందక్కా?" అన్నాను. "రోజులు అడగొద్దమ్మా. వారం వారం ఏం చేయగలుగుతున్నావో అది చెప్పు" అన్నారు.

మొదటి నాలుగైదు రోజులు చేసినది తక్కువే. తొడకి క్రేప్ బ్యాండేజ్, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవడం, నొప్పి పెరగనంత మేర నడవడం. స్ట్రెచింగ్ అస్సలు వద్దన్నారు. నూనె పెట్టి మర్దన చేయడం కూడా. మన దగ్గర కండరం పట్టేసిందనగానే ముందు చేసేవి ఆ రెండే కదా, చిరిగిన గుడ్డని ఇంకా లాగినట్టు. ఐస్ గురించి అడిగితే నొప్పి భరించలేకపోతే పది నిమిషాలు పెట్టుకో, అంతకుమించి దానితో పని లేదన్నారు. తర్వాత నేను చదివితే తెలిసింది, రెస్టూ ఐసూ అంటూ అందరూ చెప్పే ఆ పద్ధతికి 1978లో పేరు పెట్టిన డాక్టర్ గేబ్ మిర్కినే దాదాపు నలభై ఏళ్ళ తర్వాత ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని రాశాడు.

తర్వాత అసలు పని మొదలైంది. ముందు వెల్లకిలా పడుకుని మడమల మీద నడుము ఎత్తి పట్టుకోవడం, రెండు కాళ్ళతో, తర్వాత ఒంటికాలితో. ఆ తర్వాత స్వీడన్ ఫిజియో కార్ల్ ఆస్క్‌లింగ్ పెట్టిన మూడు వ్యాయామాలు. ఒకటి పడుకుని తొడని పట్టుకుని మోకాలు మెల్లగా చాపడం, రెండోది ఒంటికాలి మీద ముందుకి వంగడం, మూడోది ఆసరా పట్టుకుని, బరువంతా ముందు కాలి మడమ మీద ఉంచి, రెండో కాలిని వెనక్కి జార్చడం. మూడిట్లోనూ కండరం సాగుతూ బరువు మోయాలి, అదే కిటుకు. ఆయన 56 మంది స్వీడన్ స్ప్రింటర్లు, జంపర్ల మీద చేసిన పరిశోధన 2014లో వచ్చింది. ఇలా సాగే వ్యాయామాలు చేసిన వాళ్ళు సగటున 49 రోజుల్లో ట్రైనింగ్‌కి తిరిగి వచ్చారు, మామూలు వ్యాయామాలు చేసిన వాళ్ళకి 86 రోజులు పట్టింది. ఫిజియో ఆ అంకెలు చెప్పినప్పుడు నేను 49 అని మనసులో రాసేసుకున్నాను. ఆమెకి తెలిసిపోయింది. "అది సగటు. నీది రెండోసారి" అన్నారు.

మా ఊళ్ళో జిమ్ లేదు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ పట్టుకుని ఒంటికాలి డెడ్‌లిఫ్ట్, అంటే ఒంటికాలి మీద ముందుకి వంగి బరువుతో పైకి లేవడం. నార్డిక్స్‌కి, అంటే మోకాళ్ళ మీద నిలబడి ఒంటిని నిటారుగా ఉంచి మెల్లగా ముందుకి వాలే వ్యాయామానికి, వెనక ఎవరో ఒకరు చీలమండలు గట్టిగా పట్టుకోవాలి. ఐదో వారం నుంచి ఆ పని అవ్వ చేసింది. కింద దుప్పటి మడిచి పరిచి, నా కాళ్ళ మీద తన రెండు చేతులూ ఆనించి కూర్చునేది. మొదటి రోజు ముప్పావు వంతు కూడా దిగకుండానే దబ్బున పడ్డాను. రెండు రోజులు కూర్చుంటే లేవలేనంత నొప్పులు. అయినా వారానికి రెండుసార్లు, తప్పకుండా. పుత్తూరు మాట అవ్వ మళ్ళీ ఎత్తలేదు, "ఈ పొద్దు ఎన్నిసార్లు?" అని లెక్క పెట్టేది. తిండి కూడా తనే చూసుకుంది, రాగి సంగటి, ఉలవచారు, పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం గుగ్గిళ్ళు. హాస్టల్లో నేను తిన్నది సాంబారన్నమే. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది, ఉండాల్సినదానికంటే తక్కువ. తొడ చిరగడానికి అదే కారణమని నేననను, కానీ ఏడాదిగా ఎందుకంత అలసటగా ఉండేదో అప్పుడు తెలిసింది. పరిగెత్తే అమ్మాయిలు దయచేసి ఒకసారి ఆ పరీక్ష చేయించుకోండి.

ఆరో వారంలో స్కిప్పింగ్ డ్రిల్స్ చేస్తుంటే అదే చోట సర్రుమంది. అక్కడే కూర్చుని ఏడ్చేశాను, అంతా అయిపోయిందనుకున్నాను. ఫిజియోకి ఫోన్ చేస్తే ఆమె అడిగింది ఒక్కటే, పదికి ఎంత నొప్పి అని. మూడు అన్నాను. ఈరోజుకి ఆపి, రేపు పొద్దున లేవగానే ఎలా ఉందో చూడు, తగ్గితే మళ్ళీ చెయ్యి, పెరిగితే ఫోన్ చెయ్యి అన్నారు. తగ్గింది. అప్పటి నుంచి రోజూ పొద్దున పరుపు మీంచి దిగకముందే కాలు చాపి చూసుకుని నోట్‌బుక్‌లో ఒక అంకె వేసుకోవడం అలవాటైంది.

పరుగు తిరిగి మొదలుపెట్టిన వరస కూడా చెప్పాలి. ముందు జాగింగ్, తర్వాత సగం స్పీడ్‌తో స్ట్రయిడ్స్ (పొడవాటి అడుగులతో చిన్న చిన్న పరుగులు), తర్వాత ముందుకి వంగి మొదటి ఇరవై మీటర్ల స్టార్ట్‌లు. స్టార్ట్ అంటే భయమేసింది గానీ నిజానికి హామ్‌స్ట్రింగ్‌కి ప్రమాదం అక్కడ తక్కువ, నిటారుగా లేచి ఫుల్ స్పీడ్ అందుకున్నాకే ఎక్కువ. అందుకే ఫుల్ స్పీడ్ ఆఖరికి, మలుపు అన్నిటికంటే ఆఖరికి. ఫుల్ స్పీడ్‌కి ముందు ఒక టెస్ట్ పెట్టారు, అదీ ఆస్క్‌లింగ్ పెట్టిందే. పడుకుని మోకాలు వంచకుండా కాలిని వీలైనంత వేగంగా పైకి విసరాలి. నొప్పి ఏమాత్రం లేదు, కానీ విసరబోయే ముందు లోపల ఏదో వెనక్కి లాగింది. నొప్పి లేదు కదా అన్నాను, సరిగ్గా పన్నెండో రోజు అన్నట్టే. ఆమె ఒప్పుకోలేదు, భయం ఉన్నా పాస్ కానట్టే, ఇంకో ఐదు రోజులు చేసి రా అన్నారు. కోపం వచ్చింది. ఐదు రోజుల తర్వాత విసిరినప్పుడు కాలు దానంతటదే వెళ్ళిపోయింది, తేడా నాకే తెలిసింది.

పన్నెండో వారంలో పూర్తి ట్రైనింగ్, పదిహేనో వారంలో రేసు.

ఇప్పుడు కొన్ని మారాయి. రెస్ట్ తీసుకున్న వారం తర్వాత ఫుల్ స్పీడ్ పెట్టను, మళ్ళీ మెట్టు మెట్టుగానే. అలాగని ఫుల్ స్పీడ్‌ని తప్పించుకోను కూడా, వారానికి రెండుసార్లు నాలుగైదు పరుగులైనా ఉంటాయి, ఎందుకంటే రేసులో పడే భారానికి కండరాన్ని అలవాటు చేసేది ఆ పరుగే. కొత్త ట్రాక్ మీద మొదటి రోజు స్పైక్స్ వేసుకోను. ఇంకొకటి, వార్మప్ తర్వాత వెయిటింగ్. నా హీట్ రోజు ఏడున్నరకి వార్మప్ అయింది, పిలిచింది తొమ్మిది దాటాక. 2017లో లండన్ వరల్డ్ చాంపియన్‌షిప్స్ రిలే ఫైనల్ వీడియో చాలాసార్లు చూశాను, ఆఖరి లెగ్‌లో జమైకా స్ప్రింటర్ ఉసేన్ బోల్ట్ తొడ పట్టుకుని ట్రాక్ మీద పడిపోతాడు. రేసుకి ముందు చాలాసేపు వెయిట్ చేయించారని టీమ్‌మేట్ యోహాన్ బ్లేక్ తర్వాత చెప్పాడు. కారణం అదొక్కటేనో కాదో గానీ, నేను మాత్రం ఇప్పుడు పావుగంట దాటితే ట్రాక్‌సూట్ మీదే మళ్ళీ డ్రిల్స్ చేసి రెండు స్ట్రయిడ్స్ వేస్తాను, ఎవరు చూసినా సరే.

సార్ కూడా మారారు. ఎవరికైనా తొడ పట్టేసిందంటే ఇప్పుడు రెస్ట్ అని వదిలేయకుండా ఆ రోజే నా దగ్గరికి పంపి ఫిజియో నంబర్ తీసుకోమంటున్నారు.

రేసులో 25.9 సెకన్లు వచ్చింది, నా బెస్ట్ 25.4. మలుపు దాటి స్ట్రెయిట్‌లోకి వచ్చేటప్పుడు ఆ చోటు గుర్తొచ్చింది, దాటేశాను. ఇంటికి ఫోన్ చేస్తే అవ్వ టైమ్ అడగలేదు, హాస్టల్లో కాళ్ళు ఎవరు పట్టుకుంటున్నారని అడిగింది. రూమ్‌మేట్ అని చెప్పాను. గట్టిగా పట్టుకోమని చెప్పు అంది. రేపు గురువారం, నార్డిక్స్ రోజు.