మంచులో ఒంటరి నడక: లెక్క వేయాల్సింది ఆగడానికి

మంచు కాలంలో కొండదారి నడవడం ఒక పని, దారిలో జంతువుల్ని చూడటం ఇంకో పని. ఈ రెంటికీ పొసగదు. నడుస్తున్నంతసేపూ ఒళ్ళు వేడి పుట్టిస్తుంది. నక్క కనబడిందని బైనాక్యులర్స్ ఎత్తి కదలకుండా నిలబడ్డామా, ఆ వేడి నిమిషాల్లో జారిపోతుంది. తోడుంటే "వణుకుతున్నావు, పద" అని గుర్తుచేస్తారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట అనేవాళ్ళుండరు. అందుకే బట్టలు, దూరం, సమయం అన్నీ నడకను బట్టి కాక, ఎంతసేపు ఆగుతామన్నదాన్ని బట్టి లెక్క వేసుకోవాలి.

ముందు దూరం. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. అది పొడినేల లెక్క. మెత్తటి మంచులో రెట్టింపు అనుకోండి. 10 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు అంటే 3 గంటలు కాస్తా 6 అవుతాయి. పగలు 9 గంటలే ఉండే చోట ఇక జంతువుల్ని చూసేదెప్పుడు? 6 కిలోమీటర్లు, 300 మీటర్ల ఎక్కుడు చాలు. నడకకి మూడున్నర గంటలు పోయినా చూడటానికి బోలెడు సమయం మిగులుతుంది. శిఖరం ఎక్కాలనుంటే ఇంకో రోజు ఎక్కండి. వెనక్కి తిరిగే సమయం ఇంట్లోనే నిర్ణయించుకోవాలి. అప్పుడే జింకల గుంపు కనబడినా సరే, దాన్ని మార్చకూడదు.

ఒంటికి తగిలే పొర ఉన్ని గానీ పాలిస్టర్ గానీ అయ్యుండాలి. కాటన్ చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆగగానే ఆ తడే చలి పుట్టిస్తుంది. బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. హాయిగా ఉందంటే మొదటి ఎక్కుడులోనే చెమట పడుతుంది. మందపాటి జాకెట్ బ్యాగులో అన్నిటికన్నా పైన ఉంచి, ఆగిన నిమిషంలోపు, చలి తెలియకముందే వేసుకోవాలి. జాకెట్ తనంతట తాను వేడి పుట్టించదు, ఉన్నదాన్ని కాపాడుతుందంతే. ఒక సెంటీమీటరు మందం ఫోమ్ ముక్క కూడా పెట్టుకోండి. కూర్చోవడానికే కాదు, నిలబడటానికీ అదే కావాలి, ఎందుకంటే మంచు మీద నిలబడితే ముందు చల్లబడేవి పాదాలు. గాలి సంగతి మరవద్దు: మైనస్ 10 డిగ్రీల చలిలో గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి అది దాదాపు మైనస్ 20 లాగే ఉంటుంది.

బైనాక్యులర్స్ విషయంలో 10×42 కన్నా 8×42 మేలు (మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు కటకం వెడల్పు మిల్లీమీటర్లలో). వెనక కటకం నుంచి కంటికి వచ్చే వెలుతురు వలయం మొదటిదానిలో 4.2 మిల్లీమీటర్లు, రెండోదానిలో 5.25. తెల్లవారుజామున, సాయంత్రం ఆ తేడా బాగా తెలుస్తుంది. పైగా చలికి వణికే చేతుల్లో 8 రెట్లే నిలకడగా ఉంటుంది. కటకాలను నోటితో ఊది తుడవకండి, ఆ ఊపిరి అక్కడే గడ్డకడుతుంది. ఫోనూ విడి బ్యాటరీలూ ఒంటిని ఆనుకున్న లోపలి జేబులో ఉండాలి. హెడ్‌ల్యాంపుకి ఆల్కలైన్ కన్నా లిథియం బ్యాటరీలు చలిని బాగా తట్టుకుంటాయి. నీళ్ళ సీసా తలకిందులుగా పెట్టండి. గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి.

ఇక అసలు ఆనందం అడుగుజాడల్లో ఉంది. జంతువు కనబడకపోయినా అది రాత్రంతా ఏం చేసిందో మంచు మీద రాసి ఉంటుంది. అన్నిటికన్నా ముందు మంచు ఎప్పుడు ఆగిందో తెలుసుకోండి. రాత్రి 10కి ఆగిందంటే, పైనున్న జాడలన్నీ ఆ తర్వాతివే. అంచులు పదునుగా, లోపలి మంచు ఇంకా పొడిగా ఉంటే తాజావి. తొక్కిన మంచు కొన్ని గంటల్లో గట్టిపడుతుంది, వేలితో తాకితే తెలుస్తుంది.

కుందేలు జాడ చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. అది గెంతినప్పుడు వెనక కాళ్ళు ముందు కాళ్ళని దాటి ముందుకు పడతాయి. పెద్ద గుర్తులు ఎటుంటే అది అటే వెళ్ళింది. కుక్కజాతి అడుగుల్లో గోళ్ళు కనబడతాయి, ఆకారం కోలగా ఉంటుంది. పిల్లిజాతి గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది కనక సాధారణంగా కనబడవు, అడుగు గుండ్రంగా ఉంటుంది. నక్క ముందు కాలి గుర్తులోనే వెనక కాలు వేస్తూ, దారం పట్టి గీసినట్టు నడుస్తుంది. పెంపుడు కుక్క అటూ ఇటూ తిరుగుతుంది. ఎండ తగిలిన జాడ కరిగి వెడల్పవుతుంది. నక్క అడుగు తోడేలు అడుగంత కనిపించి లేనిపోని గుబులు పుట్టిస్తుంది. నీడలో ఉన్న గుర్తునే కొలవాలి, దానితో పాటు అడుగుకీ అడుగుకీ మధ్య దూరం కూడా.

తాజా జాడ దొరికితే జంతువు వెళ్ళిన వైపు కాక, వచ్చిన వైపు నడవండి. ఎక్కడ పడుకుందో, ఏ కొమ్మ కొరికిందో అన్నీ తెలుస్తాయి, దాన్ని తరిమినట్టూ ఉండదు. ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు. ఎర్రజింకలు చలికాలంలో ఒంటి ఖర్చు తగ్గించుకుని, దాచుకున్న కొవ్వుతో నెట్టుకొస్తాయి. లోతు మంచులో ఒక్క పరుగు వాటికి చాలా ఖరీదు. అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ పార్కులో ఎలుగుబంటికీ తోడేలుకీ 91 మీటర్లు, చాలావరకు మిగతావాటికి 23 మీటర్లు కనీస దూరం. కానీ టేపు కన్నా జంతువే బాగా చెబుతుంది: మేత ఆపి తల ఎత్తి చెవులు మీ వైపు తిప్పిందంటే అప్పటికే దగ్గరకి వెళ్ళారన్నమాట. మెల్లగా, పక్కవాటుగా వెనక్కి తగ్గండి.

మన వాసన జంతువుకి చేరకుండా గాలికి ఎదురుగా నడవడం అందరికీ తెలిసిందే. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు తిరిగిన వాలుల మీద ఎండ తగిలి మంచు పలచబడుతుంది, మేతకి జంతువులు అక్కడికి చేరతాయి. ఒక చెట్టు చుట్టూ కాకులు గోల చేస్తుంటే కొమ్మల్లో గుడ్లగూబ ఉందేమో చూడండి.

ఒంటరిగా ఉన్నప్పుడు రెండు చోట్లకి అసలు వెళ్ళకూడదు. ఒకటి, 30 నుంచి 45 డిగ్రీల మంచు వాలులు, వాటి కింది నేల కూడా. మంచుచరియలు ఎక్కువగా జారేది అక్కడే. రెండోది గడ్డకట్టిన చెరువు. 10 సెంటీమీటర్ల నిర్మలమైన గడ్డ మనిషిని మోస్తుందంటారు, కానీ వాగు కలిసే చోట, మంచు కప్పిన చోట మందం ఒకేలా ఉండదు. లాగేవాళ్ళు లేనప్పుడు ఒడ్డు చుట్టూ తిరిగి వెళ్ళడమే పద్ధతి.

వేళ్ళు చలికి మొద్దుబారాయేమో తెలియడానికి ఆగిన ప్రతిసారీ బొటనవేలిని చిటికెన వేలికి తాకించి చూడండి. రెండు చేతులా అది కుదరకపోతే చూడటం ఆపి, తీపి ఏదైనా తిని, నడక మొదలుపెట్టాలి. దాహానికి మంచు తినొద్దు; గ్రాము మంచు కరగడానికే 80 కేలరీల (తిండి లెక్కలో చెప్పే కిలోకేలరీలు కావు) వేడి మీ ఒంట్లోంచి పోతుంది.

ఇంటికి వచ్చాక బైనాక్యులర్స్ బయటికి తీయకండి. చలిలో ఉండగానే జిప్ కవరులో మూసేసి, గది వేడికి వచ్చేదాకా అలాగే ఉంచితే తేమ కటకాల మీద కాకుండా కవరు మీద పడుతుంది. మీ దారీ, తిరిగొచ్చే సమయమూ రాసిచ్చిన మనిషికి బూట్లు విప్పకముందే ఫోన్ చేయండి, లేకపోతే రక్షణ బృందం మీకోసం కొండెక్కుతుంది.